మళ్ళీ అడగాలంటే అవతల మనిషి ఉండాలిగా!

ప్రశ్న: నాలుగు నెలలుగా పైథాన్ నేర్చుకుంటున్నాను. ముందు ఎంతమంది విద్యార్థులో అడిగి, తర్వాత ఒక్కొక్కరి మార్కులు అడిగి, సగటు చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఎవరైనా అంకెల బదులు అక్షరాలు కొట్టినా, ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కినా ఆగిపోకూడదని ఇన్‌పుట్ తీసుకునే భాగాన్ని ట్రైలో పెట్టి, అందులో ఎర్రర్ వస్తే నడిచే ఎక్సెప్ట్ కింద ‘సరైన సంఖ్య ఇవ్వండి’ అని ప్రింట్ చేసి మళ్ళీ అడిగేలా చేశాను. చేత్తో టైపు చేసినంతసేపూ బాగానే పనిచేసింది. రోజూ టైపు చేయలేక మొదటి లైన్‌లో 30 అని, దాని కింద లైనుకొకరి చొప్పున మార్కులు ఒక ఫైల్‌లో రాసి, దాన్నే ఇన్‌పుట్‌గా ఇచ్చాను. ఎనిమిదో అబ్బాయి పరీక్ష రాయలేదు కాబట్టి ఆ లైన్ ఖాళీగా వదిలేశాను. అంతే, ‘సరైన సంఖ్య ఇవ్వండి’ అన్న వాక్యం తెర మీద ఆగకుండా పరిగెత్తింది. కంట్రోల్ సి నొక్కితే మొదటిసారి ఆగలేదు, రెండుమూడు సార్లు నొక్కాక ఆగింది. ఫైల్‌లో తప్పుడు సంఖ్య ఒక్కటీ లేదు, మూడుసార్లు చూశాను. తప్పెక్కడుంది? ఖాళీగా వచ్చినదానికీ తప్పుగా వచ్చినదానికీ ఏమేం చేయాలి? అన్నిటికీ సరిపోయే ఒక్క లైను ఏదైనా ఉందా?

సమాధానం: మీరు మాటల మధ్యలో అలవోకగా అనేసిన ఆ ఎనిమిదో అబ్బాయి దగ్గరే మొదలుపెడతాను. ఫైల్‌లో తప్పుడు సంఖ్య లేదన్నది నిజమే. కానీ సంఖ్యే లేని లైను ఒకటుంది.

మీ ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని ఎలా చదివిందో దాని వెంటే నడిచి చూద్దాం. మొదటి లైన్‌లో 30 చూసింది. ఏడుగురి మార్కులు తీసుకుంది. ఎనిమిదో వంతు వచ్చేసరికి ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని పాఠ్యం, దొరికింది. ఖాళీ స్ట్రింగ్‌ని, పూర్ణసంఖ్యగా మార్చే ఇంట్ చేతికిస్తే వాల్యూ ఎర్రర్ వస్తుంది. దాన్ని మీ ఎక్సెప్ట్ పట్టుకుంది, ‘సరైన సంఖ్య ఇవ్వండి’ అంది, మళ్ళీ అడిగింది. కీబోర్డ్ ముందు మీరు కూర్చుని ఉంటే ‘అయ్యో’ అనుకుని సరైనది కొట్టేవారు. ఫైల్‌కి మీ సందేశం వినిపించదు. అడిగినప్పుడల్లా తర్వాతి లైను ఇవ్వడమే దానికి తెలిసిన పని. అలా తొమ్మిదో వారి మార్కులు ఎనిమిదో అబ్బాయి ఖాతాలో పడ్డాయి, పదో వారివి తొమ్మిదో వారికి పడ్డాయి. అక్కడి నుంచి చివరిదాకా అందరి మార్కులూ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. ముప్పయ్యో వంతు వచ్చేసరికి ఫైల్‌లో లైన్లు అయిపోయాయి.

తెర నిండా పరిగెత్తిన ఆ వాక్యం మిమ్మల్ని కంగారుపెట్టింది గానీ, నిజానికి మేలే చేసింది. ఫైల్ చివర పొరపాటున ఇంకో సంఖ్య ఉండి ఉంటే ప్రోగ్రామ్ చక్కగా ముగిసి, ఏదో ఒక సగటు చెప్పేది. ఎవరి మార్కులు ఎవరికి పోయాయో ఎవరికీ తెలిసేది కాదు.

ఇక ఆ పరుగు సంగతి. లైన్లు అయిపోయాక ఇన్‌పుట్‌ని పిలిస్తే అది ఖాళీ స్ట్రింగ్ ఇవ్వదు. ఈవోఎఫ్ ఎర్రర్ ఇస్తుంది, అంటే ‘ఇక్కడితో సరి, నా దగ్గర ఇంకేమీ లేదు’ అని. మీ ఎక్సెప్ట్‌కి పక్కన ఏ ఎర్రర్ పేరూ లేదు కాబట్టి దాన్నీ పట్టుకుంది, ‘సరైన సంఖ్య ఇవ్వండి’ అంది, మళ్ళీ అడిగింది. అయిపోయిన ఫైల్ మళ్ళీ అడిగితే నిండదుగా! మళ్ళీ ఈవోఎఫ్, మళ్ళీ అదే వాక్యం. సెకనుకి వేలసార్లు.

ఖాళీ లైనుకీ, లైనే లేకపోవడానికీ మధ్య ఉన్న తేడా కంటికి కనిపించదు. కానీ కంప్యూటర్‌కి అవి పూర్తిగా వేరు. ఇన్‌పుట్ బదులు సిస్ మాడ్యూల్‌లోని ఎస్‌టీడీఇన్ (ప్రోగ్రామ్‌కి ఇన్‌పుట్ వచ్చే దారి) నుంచి రీడ్‌లైన్ వాడి చూడండి. ఎవరో ఎంటర్ మాత్రమే నొక్కితే అది న్యూలైన్ అనే ఒక్క అక్షరమున్న స్ట్రింగ్ ఇస్తుంది. ఇన్‌పుట్ అయిపోతే అక్షరమే లేని స్ట్రింగ్ ఇస్తుంది. పొడవు ఒకటా, సున్నానా, అంతే తేడా. ఇన్‌పుట్ ఫంక్షన్ ఆ న్యూలైన్‌ని కత్తిరించి ఇస్తుంది కాబట్టే, రెండూ కలిసిపోకుండా రెండోదానికి ఎర్రర్ రూపం ఇచ్చారు. ఇన్‌పుట్ అయిపోవడాన్ని చేత్తో చూడాలంటే లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ లైను మొదట్లో కంట్రోల్ డి, విండోస్‌లో కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్.

కంట్రోల్ సి మొదటిసారి ఎందుకు ఆగలేదన్నది ఇంకా ముచ్చటైన విషయం. కంట్రోల్ సి నొక్కితే పైథాన్‌లో అది కీబోర్డ్ ఇంటరప్ట్ అనే ఎర్రర్‌గా వస్తుంది. పేరు లేని ఎక్సెప్ట్ దాన్ని కూడా మింగేస్తుంది. అయితే ట్రై లోపల ఉన్నప్పుడు వస్తేనే మింగుతుంది. ఎక్సెప్ట్ కింద ఉన్న ప్రింట్ నడుస్తుండగా వస్తే దాన్ని ఆపేవాళ్ళు లేరు, ప్రోగ్రామ్ బయటపడుతుంది. మీ మొదటి నొక్కు ట్రైలో పడింది, రెండోదో మూడోదో ప్రింట్ మీద పడింది. లాటరీ అన్నమాట. ఇప్పుడు ఫైల్ లేకుండా నడిపి, ప్రోగ్రామ్ మార్కులు అడుగుతూ ఎదురుచూస్తున్నప్పుడు కంట్రోల్ సి నొక్కండి. అప్పుడు లాటరీ కూడా ఉండదు, అది ఎప్పుడూ ట్రైలోనే ఉంటుంది. మీరు ‘ఆపు బాబూ’ అంటే అది ‘సరైన సంఖ్య ఇవ్వండి’ అంటుంది.

పేరు లేని ఎక్సెప్ట్ బదులు ఎక్సెప్ట్ ఎక్సెప్షన్ అని రాస్తే చాలని కొందరు చెబుతారు. సగం నిజం. 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి కీబోర్డ్ ఇంటరప్ట్‌ని ఎక్సెప్షన్ కుటుంబం నుంచి బయటపెట్టారు కాబట్టి కంట్రోల్ సి పనిచేస్తుంది. ఈవోఎఫ్ ఎర్రర్ మాత్రం ఆ కుటుంబంలోనే ఉంది, కాబట్టి మీ పరుగు ఆగదు. మీరు సరిదిద్దగలిగింది వాల్యూ ఎర్రర్ ఒక్కటే, ఆ ఒక్కదాని పేరే రాయండి.

ఎలా రాయాలో ఫోన్‌లో చదివి వినిపిస్తున్నట్టు చెబుతాను. వైల్ ట్రూ అని లూప్ మొదలుపెట్టండి. లోపల మొదట ఇన్‌పుట్ నుంచి వచ్చిన లైనుని ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. ఇది ట్రై బయటే ఉండాలి. తర్వాత ట్రై, అందులో ఆ వేరియబుల్‌ని ఇంట్‌గా మార్చే ఒకే ఒక్క లైను. ఎక్సెప్ట్ వాల్యూ ఎర్రర్, అందులో సందేశం, ఆపై కంటిన్యూ. దాని కింద, 0 నుంచి 100 లోపల ఉంటే రిటర్న్. లేకపోతే ఇంకో సందేశం, లూప్ మళ్ళీ తిరుగుతుంది. ఈవోఎఫ్ ఎర్రర్‌ని ఇక్కడ ముట్టుకోకండి. అన్నిటికన్నా పైన, మెయిన్ ఫంక్షన్‌ని పిలిచే చోట ఒక్కసారే పట్టుకుని, ‘30 మంది అన్నారు, 29 మందివే వచ్చాయి’ అని చెప్పి సిస్ ఎగ్జిట్ పిలవండి. ఎగ్జిట్‌కి సందేశాన్నే ఇస్తే అది ఎర్రర్ సందేశాలు వెళ్ళే ఎస్‌టీడీఎర్ర్ మీద ప్రింట్ అవుతుంది, ప్రోగ్రామ్ 1 అనే కోడ్‌తో ముగుస్తుంది. పిలిచినవాళ్ళకి ఏదో తేడా వచ్చిందని తెలుస్తుంది. వచ్చిన 29తో సగటు కట్టి చూపించాలన్న ఆశ పుడుతుంది, నా మటుకు వద్దంటాను. సగంలో తెగిన లెక్కకి పూర్తి లెక్క వేషం వేసినట్టవుతుంది.

మీరు మళ్ళీ అడగడానికి లూప్ వాడారు, సంతోషం. ఎక్సెప్ట్‌లో అదే ఫంక్షన్‌ని మళ్ళీ పిలిచేవాళ్ళు బోలెడుమంది. అలా పిలిచేటప్పుడు దాని ముందు రిటర్న్ రాయడం మర్చిపోతారు. మొదటిసారే సరిగ్గా ఇస్తే పనిచేస్తుంది, ఒకసారి తప్పు కొట్టి రెండోసారి సరిగ్గా ఇస్తే నన్, అంటే ‘ఏమీ లేదు’ అనే విలువ, వస్తుంది. ‘నేను 85 కొట్టాను, నన్ అంటుందేంటి’ అని గంటలు గంటలు వెతుకుతారు.

తప్పు ఇన్‌పుట్ విషయంలో ఇంట్‌కి ఇచ్చేముందు, అన్నీ అంకెలేనా అని చెప్పే ఈజ్‌డిజిట్‌తో తనిఖీ చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. మైనస్ 5కి ఈజ్‌డిజిట్ కాదంటుంది, ఇంట్ మాత్రం హాయిగా తీసుకుంటుంది. పైన చిన్నగా రాసే వర్గం గుర్తు ఉంటుంది చూడండి, ఆ చిన్న 2కి ఈజ్‌డిజిట్ అవునంటుంది, ఇంట్ మాత్రం వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. కాపలావాడికీ లోపలివాడికీ లెక్క కుదరనప్పుడు కాపలావాడు దేనికి? మార్చి చూడటమే తనిఖీ. ఇంట్ ఎంత ఉదారంగా ఉంటుందో కూడా తెలుసుకోండి. ముందూ వెనకా ఖాళీలున్నా, ప్లస్ గుర్తు ఉన్నా తీసుకుంటుంది. 3.6 వెర్షన్ నుంచి అంకెల మధ్య అండర్‌స్కోర్ ఉన్నా సరే. అన్నిటికన్నా నాకిష్టమైనది, తెలుగు అంకెల్లో ౮౫ అని కొట్టినా 85 అని అర్థం చేసుకుంటుంది. అనుమానముంటే ఇప్పుడే కొట్టి చూడండి.

అరమార్కులు కూడా ఉంటాయని రేపు మీరు ఇంట్ తీసేసి దశాంశాలు కూడా తీసుకునే ఫ్లోట్ పెడతారు. అక్కడ ఒక గుంట ఉంది. ఎవరైనా ఎన్, ఏ, ఎన్ అనే మూడు అక్షరాలు కొడితే ఫ్లోట్ దాన్ని అంగీకరిస్తుంది. ‘సంఖ్య కాదు’ అనే ప్రత్యేక విలువ అది. మీరు ‘0 కన్నా తక్కువైతే తప్పు, 100 కన్నా ఎక్కువైతే తప్పు’ అని రాశారనుకోండి. ఈ విలువని దేనితో పోల్చినా, తక్కువా అంటే కాదు, ఎక్కువా అంటే కాదు అనే జవాబు వస్తుంది. రెండు కాపలాలూ దాటుకుని దర్జాగా లోపలికొచ్చి, మొత్తంలో కలిసి, ముప్పై మంది సగటునీ ‘సంఖ్య కాదు’గా మార్చేస్తుంది. అందుకే షరతుని తిప్పి రాయమంటాను. ‘0 నుంచి 100 మధ్యలో ఉంటేనే తీసుకో, లేకపోతే వద్దు’ అంటే అది బయటే ఆగిపోతుంది. లోపలికి రానివ్వాల్సినవాళ్ళ జాబితా రాసుకుంటే సరిపోతుంది. రానివ్వకూడనివాళ్ళ జాబితాకి అంతుండదు.

ఇక ఖాళీ. ఇది కోడ్ ప్రశ్న కన్నా ముందు అర్థం ప్రశ్న. ఖాళీ అంటే ‘మామూలుగా ఉండేదే తీసుకో’ అనా, ‘లేదు’ అనా, ‘చెయ్యి తగిలి ఎంటర్ పడింది’ అనా? ఇది పైథాన్ చెప్పలేదు, మీరు తేల్చాలి. ఎంతమంది అన్న ప్రశ్నకి ఖాళీ వస్తే 30 అనుకోవచ్చు, కానీ ఆ సంగతి అడిగేటప్పుడే తెర మీద కనిపించాలి. ఏదైనా చెరిపేయమంటారా అని అడిగినప్పుడు మాత్రం ఖాళీని అవునుగా తీసుకోవద్దు. మార్కుల విషయంలో ఖాళీని సున్నాగా మార్చడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ముగ్గురిలో ఇద్దరికి 80, 70 వచ్చి మూడోవారు పరీక్ష రాయకపోతే, రాసినవాళ్ళ సగటు 75. ఖాళీని సున్నా చేస్తే 50. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, జవాబు మాత్రం అబద్ధం.

పరీక్ష రాయనివారికి నన్ అని పెట్టుకుని, సగటు కట్టేటప్పుడు వాళ్ళని వదిలేయండి. వదిలేసేటప్పుడు ‘ఇఫ్ నాట్ మార్కులు’ అని రాయకండి. నిజంగా సున్నా వచ్చినవాడు కూడా పైథాన్ కంటికి ‘నాట్’ కిందికే వస్తాడు, పరీక్ష రాసిన పిల్లాడు రాయనివాడైపోతాడు. ‘ఈజ్ నన్’ అని సూటిగా అడగండి. ఖాళీ వస్తే 30 తీసుకోమనే ‘ఇన్‌పుట్ ఆర్ 30’ అనే పొట్టి దారిలోనూ ఇదే జాగ్రత్త. స్ట్రింగ్‌గా ఉన్నప్పుడు ‘0’ ఖాళీ కాదు కాబట్టి ఇబ్బంది లేదు. ఇంట్‌గా మార్చాక ఆర్ పెడితే, మీరు 0 ఇచ్చినా 30 అయి కూర్చుంటుంది.

మీ ఎనిమిదో లైను గురించి నా సలహా వేరే. దాన్ని ఖాళీగా వదలొద్దు. ఒక చిన్న అడ్డగీత పెట్టండి. అడ్డగీత ఉంటే పరీక్ష రాయలేదని, ఖాళీ ఉంటే ఎవరో మర్చిపోయారని అర్థం. మాట్లాడకుండా ఉండటానికి వంద అర్థాలుంటాయి, వాటిని ప్రోగ్రామ్ ఊహించే పరిస్థితి రానివ్వకండి.

ఒకే లైన్‌లో రెండు విలువలు తీసుకునేవాళ్ళకి ఒక మాట. స్ప్లిట్‌తో లైనుని ముక్కలు చేసి రెండు వేరియబుల్స్‌లో పెట్టేటప్పుడు ఒకటే వస్తే, అప్పుడూ వచ్చేది వాల్యూ ఎర్రరే. ‘12’ అని ఒకటే కొట్టినవాడికి ‘అంకెలు మాత్రమే కొట్టండి’ అని సందేశం వెళుతుంది. పాపం, కొట్టింది అంకెలే కదా! ముందు ఎన్ని ముక్కలొచ్చాయో లెక్కపెట్టి, తర్వాత మార్చండి.

సందేశాల్లో వచ్చినదాన్ని కూడా చూపించండి, అదీ రెపర్ అనే ఫంక్షన్ గుండా. ఎందుకంటే కంటికి కనిపించని అక్షరాలుంటాయి. కొన్ని ఎడిటర్లు ఫైల్ మొట్టమొదట బామ్ అనే కనిపించని గుర్తు పెడతాయి. అప్పుడు మీ మొదటి లైన్‌లో చూడటానికి 30 మాత్రమే ఉన్నా ఇంట్ ఒప్పుకోకపోవచ్చు. తెలుగులో టైపు చేసేటప్పుడు పొల్లు విడిగా నిలబడాలని వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఇలాంటిదే. ఈ రెండింటినీ, ముందూ వెనకా ఖాళీలు తీసే స్ట్రిప్ ఖాళీగా లెక్కించదు, తీసేయదు. రెపర్ మాత్రం వాటిని బయటపెడుతుంది.

సీ భాష నుంచి వచ్చిన స్నేహితులెవరైనా ‘ఈ పరుగు మాకు పాతదే’ అంటే నమ్మండి, కానీ కారణం వేరు. అక్కడ ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్‌కి అంకె కావాల్సినచోట అక్షరం తగిలితే దాన్ని తీసుకోకుండా వరుసలోనే వదిలేస్తుంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అక్షరం ఎదురొస్తుంది. పైథాన్ ఇన్‌పుట్ లైను మొత్తాన్నీ లాగేస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. సీలో గెట్స్ అని ఇంకోటుండేది, ఎంత పొడుగు లైనొస్తుందో చూడకుండా చదివేసేది. 1988 నవంబర్‌లో మోరిస్ వార్మ్ అనే, తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్ కొన్ని యంత్రాల్లోకి దూరింది ఆ సందులోంచే. 2011 ప్రమాణంలో గెట్స్‌ని భాషలోంచే తీసేశారు.

మనిషి ముందు ఒకలా, ఫైల్ ముందు ఒకలా ఉండాలన్నది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఒకచోట పనిచేసేటప్పుడు రాత్రిపూట దానంతటదే నడిచే ఒక స్క్రిప్ట్‌లో ‘కొనసాగించమంటారా’ అనే ప్రశ్న తీసేయడం మర్చిపోయాను. అర్ధరాత్రి జవాబు చెప్పేవాళ్ళెవరు? ఇన్‌పుట్ ఈవోఎఫ్ ఇచ్చింది, నా పేరులేని ఎక్సెప్ట్ మళ్ళీ అడిగింది. తెల్లారేసరికి లాగ్ ఫైల్ డిస్క్ మొత్తం నింపేసింది, ఆ డిస్క్ మీద ఆధారపడిన మిగతావన్నీ ఆగిపోయాయి. ఆ రోజు నుంచి, స్ట్రింగ్ తీసుకుని మార్కు ఇచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి విడిగా రాసుకుంటాను. అది ఎవరినీ ఏమీ అడగదు, ప్రింట్ చేయదు, తప్పయితే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. దాని మీద రెండు తొడుగులు. మనిషికైతే మళ్ళీ అడిగేది, ఫైల్‌కైతే ‘9వ లైను: మార్కు కాదు’ అని లైను నంబరు చెప్పి ఆగిపోయేది. అవతల టెర్మినల్ ఉందో లేదో ఎస్‌టీడీఇన్ మీద ఈజ్‌ఎటీటీవై పిలిస్తే తెలుస్తుంది. ఇంకో లాభం, ఆ చిన్న ఫంక్షన్‌ని పరీక్షించడానికి కీబోర్డ్ ముందు కూర్చోనక్కర్లేదు.

ఫైల్ తొడుగులో మొదటి లైన్‌లోని 30 అవసరమా అని కూడా ఆలోచించండి. ఎస్‌టీడీఇన్ మీద నేరుగా ఫర్ లూప్ తిప్పితే లైన్లున్నంతవరకు చదివి తనే ఆగుతుంది. అప్పుడు ఫైల్ అయిపోవడం ఎర్రర్ కాదు, పని పూర్తయిందన్న కబురు. అయినా నేనైతే 30ని ఉంచుతాను. చివర లెక్క సరిచూసుకోవడానికి పనికొస్తుంది, ఒక లైను ఎగిరిపోతే పట్టిస్తుంది.

ఒక్క లైను అడిగారు. లేదు. సరిదిద్దాక ఇవి మాత్రం చేసి చూడండి. పూర్తిగా ఖాళీగా ఉన్న ఫైల్ ఇవ్వండి, ఒక్క వాక్యం చెప్పి ఆగాలి. ఇప్పటి ఫైల్‌నే ఉన్నదున్నట్టు ఇవ్వండి, మొదటి లైను 30 కాబట్టి 9వ లైను పేరు చెప్పి ఆగాలి. అక్కడ అడ్డగీత పెట్టి ఇవ్వండి, 29 మంది సగటు రావాలి. చివరగా ఫైల్ లేకుండా నడిపి, అడిగినప్పుడు కంట్రోల్ సి ఒక్కసారి నొక్కండి. రెండోసారి నొక్కాల్సి వస్తే ఎక్కడో ఒక పేరులేని ఎక్సెప్ట్ ఇంకా మిగిలే ఉంది.